తోమకూడని పిస్టల్

కొత్త జిల్లాలు పడిన తర్వాత రెండో వానాకాలం మొదట్లో నన్ను ఖమ్మం నుంచి అడవి అంచున ఉన్న కొత్త జిల్లా కేంద్రానికి బదిలీ చేశారు. హోదా ఆర్మరర్ ఏఎస్సై. పనిచేసే చోటు సాయుధ రిజర్వు దళం ఆయుధాల గది. ఆర్మరర్ అనగానే బయటివాళ్లు గురి చూసి కొట్టేవాడనుకుంటారు. కొట్టేవాళ్లు వేరు. వాళ్లు బురదలో పడేసి, వానలో తడిపి, తలకింద దిండు చేసుకుని తెచ్చిన తుపాకీని మళ్లీ కాలేటట్టు చేసేవాడు ఆర్మరర్. చేతులకు ఎప్పుడూ నూనె వాసన. పప్పన్నం కలిపినా అదే వాసన. పాతికేళ్లకు పైగా ఆ వాసనతోనే తిన్నాను. చివరికి నడుం మొండికేస్తే గడువుకు ముందే విరమణ తీసుకున్నాను.

మా అమ్మ పెట్టిన పేరు సత్యనారాయణ. దళంలో మాత్రం కోతల సత్తెన్న అంటేనే తెలుస్తుంది. ఆయుధాల గదిలో పొద్దంతా స్ప్రింగులు తుడుస్తూ కూర్చునేవాడు కథలు చెప్పకపోతే గోడలతో మాట్లాడాల్సి వస్తుంది. మణుగూరు అడవిలో క్యాంపు వేసినప్పుడు ఒక ఎలుగుబంటి మా తుపాకీ నూనె డబ్బా ఎత్తుకుపోయి తాగిందని, ఆనాటి నుంచి అది ఎండుటాకుల మీద నడిచినా చప్పుడు రాలేదని నేను చెప్పిన కథ పక్క జిల్లా దాకా పోయింది. కొత్తగా వచ్చిన ఒక ఎస్సై దాన్ని నమ్మి కాపలాకు ఇంకో మనిషిని వేశాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మాటకు అక్కడ ఉన్న విలువ ఎంతో తెలిస్తే తప్ప మిగతాది అర్థం కాదు.

చేరిన వారంలోనే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ పిలిచాడు. మేం ఆర్‌ఐ అంటాం. దళానికి ఇంటిపెద్ద లాంటివాడు. ఈసం సమ్మక్క అనే మహిళా కానిస్టేబుల్‌కు పోటీల్లో కాల్చే పాయింట్ టూటూ పిస్టల్ ఒకటి చూసిపెట్టమన్నాడు. కొత్తది కొనేంత నిధులు లేవు. విదేశం నుంచి తెప్పించే పిస్టల్ ధర వింటే మా క్రీడల పద్దు నెల తిరగకముందే ఖాళీ. "తక్కువల రావాలె, తప్పకుండ కొట్టాలె, చూడనీకి గూడ జర మంచిగుండాలె," అన్నాడు. సంబంధం చూడమన్నట్టే చెప్పాడు. నేను తలూపి బయటికి వచ్చాను. వద్దనే ఓపిక ఆ వయసులో ఎవరికుంటుంది?

సమ్మక్కది టేకులపల్లి మండలంలో అడవి లోపలి పల్లె. పోడు చేసుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికిన ఇల్లు. పోలీసు ఉద్యోగంలో చేరాకే మొదటిసారి పిస్టల్ పట్టింది. కానీ ఆమె చెయ్యి చాస్తే గోడకు కొట్టిన మేకులా నిలిచేది. ముందటేడు రాష్ట్ర పోలీసు జట్టు ఎంపిక పోటీకి అడిగి తెచ్చుకున్న పిస్టల్‌తో వెళ్లింది. ఆ పోటీకి రెండు సగాలు. మొదటి సగంలో నింపాదిగా కొట్టవచ్చు. రెండో సగంలో గురిబోర్డు మూడు సెకన్లు మనవైపు తిరిగి మళ్లీ మొహం చాటేస్తుంది. ఆలోపు కిందికి దించిన చెయ్యి లేపి ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ సగంలో పిస్టల్ ఒకసారి మొరాయిస్తే మళ్లీ కొట్టనిస్తారు. రెండోసారికి మాఫీ లేదు, కొట్టని దెబ్బకు సున్నా. ఆమె పిస్టల్ మూడుసార్లు మొరాయించింది. వెనక్కి వచ్చేసరికి దళంలో అందరూ, భయపడ్డది, చెయ్యి వణికింది అని తేల్చేశారు.

ఈసారి కూడా జట్టులోకి రాకపోతే స్పోర్ట్స్ డ్యూటీ రద్దు, సరిహద్దు ఔట్‌పోస్టుకు పోవాలని ఆర్‌ఐ చెప్పేశాడు. నేను ఆ మాట ఎత్తితే సమ్మక్క పెద్దగా పట్టించుకోలేదు.

"ఔట్‌పోస్టుకు భయం లేదు సార్. మా ఊరికంటె పెద్ద అడివేం కాదది. కానీ చెయ్యి వణికిందన్నరు జూడు, అది పడ్తలేదు. నా చెయ్యి వణకలే. అదే మొరాయించింది."

"అయితే మొరాయించనిది చూద్దాం బిడ్డా," అన్నాను.

"కథ చెప్తున్నవా సార్?"

"ఇప్పటికైతే కాదు."

ఇక్కడ ఆ పిస్టల్ స్వభావం కొంచెం చెప్పాలి. మేం రోజూ చూసే తుపాకుల తూటాకు అడుగున మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. సూది దాని మీద కొడితే పేలుతుంది. పాయింట్ టూటూ తూటాకు టోపీ ఉండదు. పేలే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. చవక, చప్పుడు తక్కువ, చేతిని తన్నదు. అందుకే గురి నేర్చుకునేవాళ్లకు అదే బడి. కానీ గుండు ఉత్త సీసం, పైన పల్చగా మైనం. అంచులో మందు సరిగా పరుచుకోకపోతే పేలదు, మైనానికి దుమ్ము పడితే తూటా గొట్టం మొదట్లో ఉండే గూట్లోకి జారదు. పైగా ఒక రకం తూటా ఒక పిస్టల్‌కు పడితే ఇంకోదానికి పడదు. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లా, ఒకడికి గోంగూర కావాలి, ఇంకొకడికి వాసనే పడదు.

కాబట్టి ఇలాంటి పిస్టల్ కొనడం సంతలో ఎద్దును కొన్నట్టే. కొమ్ములకు రంగేసి గజ్జెలు కట్టింది చూసి మురిసినవాడు మబ్బు పట్టాక మడిచెక్కలో ఏడుస్తాడు. పళ్లు చూడాలి, నడిపించి చూడాలి, కాడి మీద పెట్టి చూడాలి. పిస్టల్‌కైతే తూటాలు అందించే మ్యాగజైన్ పెదవులు వంగాయా చూడాలి, పేలిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం అరిగిందా చూడాలి. ట్రిగ్గర్‌కు కిలో బరువు వేలాడదీసి ఎత్తితే జారకుండా నిలవాలి. పోటీలో అంతకంటే మెత్తగా ఉంటే లోపలికే రానివ్వరు. విడిభాగాలు దొరుకుతాయా అన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఆ తర్వాతే గురి.

సత్తుపల్లి దిక్కు పామాయిల్ తోటల ఆసాములు కొందరు ఎప్పుడో పెట్టుకున్న రైఫిల్ క్లబ్ ఒకటి మూతపడుతోందని తెలిసింది. పోయి చూస్తే బీరువాలో పోటీ పిస్టళ్లు మూడున్నాయి. కార్యదర్శి ఆంధ్ర సరిహద్దు మర్యాద మనిషి. "తీస్కెళ్లండి సార్, వాడి చూసుకోండి. నచ్చిందే ఉంచుకుని మిగతావి పంపించెయ్యండి. మావాళ్లకి ఇప్పుడు గురి కంటే మోకాళ్ల మీదే ధ్యాస," అన్నాడు. అనుమతి కాగితాలు బల్లలన్నీ తిరిగి వచ్చేసరికి నాట్లు కూడా అయిపోయాయి.

మూడింటికీ నేనే పేర్లు పెట్టాను. మొదటిది జమీందారు. అక్రోటు చెక్కతో అరచేతి ఆకారంలో చెక్కిన పిడి, నల్లగా మెరిసే ఒళ్లు, వెల్వెట్ పెట్టె. రెండోది సైకిల్. ఏ తూటా పెట్టినా తొక్కుకుంటూ పోతుంది, ఎక్కడా ఆగదు, కానీ ట్రిగ్గర్ చిత్తడి నేలలో కాలు తీసినట్టు సాగి సాగి వదులుతుంది. మూడోది మేస్త్రి. పాతది. నల్లపూత సగం పోయింది, పిడికి ఎవరో సైకిల్ ట్యూబు చుట్టారు. సమ్మక్క మూడూ పట్టి చూసి మేస్త్రిని కాసేపు చేతిలోనే ఉంచుకుంది. జమీందారు పిడి ఏదో పెద్దచెయ్యి ఆసామికి చెక్కింది. ఆమె వేలు ట్రిగ్గర్ దాకా సరిగా అందడం లేదు. ఆర్‌ఐ మాత్రం జమీందారును చూడగానే, "ఇదే గద! పరీక్షలెందుకింక?" అన్నాడు. ఎస్పీ గారి ముందు పెట్టె తెరిస్తే ఎలా ఉంటుందో ఆయన కళ్లలోనే కనిపించింది.

"కాడి మీద పెట్టి చూద్దాం సార్. దీని మ్యాగజైన్ పెదవి ఒకటి వంగింది, విడిభాగం దొరకడం కష్టం," అన్నాను. ఆయన నవ్వేశాడు.

టేకులపల్లి దారిలో గుట్ట కింద మా ఫైరింగ్ రేంజ్. ఇసుకబస్తా మీద పిస్టల్ ఆనించి, ఒకే గురికి అయిదేసి దెబ్బలు కొట్టి, రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తాం. ఆ గుంపును గ్రూప్ అంటాం. ఇక్కడే మా పేదరికం అడ్డం వచ్చింది. ఆ ఏడాదికి వచ్చిన తూటాలు కొన్నే. పరీక్షకైనా, సమ్మక్క సాధనకైనా అవే. కాబట్టి పూటకు ఒక్కో పిస్టల్‌కు ఒక్క గ్రూప్ మాత్రమే. రేంజ్‌లో ఆయుధాలు ఉంచే గది లేదు. కాల్చగానే దళానికి తెచ్చి కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పగించాలి.

కోత్‌కు హెడ్ కానిస్టేబుల్ యాకూబ్. నాకంటే కొంచెం చిన్న, నియమంలో తాతంత పెద్ద. కాల్చిన ఆయుధం మురికితో గడప దాటకూడదన్నది పోలీసు శాఖలో పాత ఆచారం; యాకూబ్‌కు అది ఆచారం కాదు, నమాజు. పుల్‌త్రూ అని ఒక తాడు ఉంటుంది. దాని కొసకు నూనె గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగుతారు. యాకూబ్ లాగితే గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగేవాడు. తర్వాత గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఒంటికన్నుతో చూసి, "అద్దం," అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండదు.

పరీక్ష ఫలితాలు ఆర్‌ఐ కోరుకున్నట్టే వచ్చాయి. జమీందారు చక్కటి గ్రూపులు వేసింది. సైకిల్ ఒక మోస్తరు. మేస్త్రి మాత్రం చిల్లర విసిరినట్టు చెదరగొట్టింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మ్యాగజైన్ బాగుంది, కొక్కెం బాగుంది, ట్రిగ్గర్ తాళంచెవి తిరిగినంత నిక్కచ్చిగా ఉంది, ఒక్కసారి కూడా మొరాయించలేదు. గురి మాత్రం లేదు. పనికోసం అడ్డా మీద నిలబడ్డా గోడ కట్టడం రాని మేస్త్రి అన్నమాట. నేను అలిసిపోయి, పెదవి సంగతి తర్వాత చూద్దామని, జమీందారు పిడినే కొంచెం అరగదీసి సమ్మక్క చేతికి సరిపెడదామని రంపపుపొడి రాలే పనికి సిద్ధపడ్డాను.

సమ్మక్క ఒప్పుకోలేదు. "సార్, మేస్త్రి అన్ని దెబ్బలు చెదరగొడ్తలేదు. మొదటియి పైకి, కుడికి పోతున్నయ్. ఎనకటియి దగ్గరకొస్తున్నయ్. దానికేదో ఇబ్బందున్నది."

"పిస్టల్‌కు ఇబ్బందేంది? నడుం నొప్పా?"

"నవ్వకు సార్. చూడు."

చూశాను. నిజమే. కానీ ఎందుకో తెలియలేదు. నేను చదివిందంతా పెద్ద తుపాకుల చదువు. వాటి గుండుకు రాగి తొడుగుంటుంది, మైనం ఉండదు. గొట్టం ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదని నేర్చుకున్నాం, అదే నేర్పాం.

రెండు రోజులకు మెస్‌లో పొద్దున టిఫిన్‌కు కూర్చున్నాం. ఆ రోజు దోశ. వంటాయన రామస్వామి మొదటి దోశ వేస్తే పెనానికి కరుచుకుని ముక్కలైంది. రెండోదీ అంతే. ఆయన గరిటె ఎత్తి కేకలేశాడు. "పెనం తోమిందెవడ్రా? సబ్బేసి తళతళలాడిచ్చినవ్, సంబురమైందా? మూడేండ్ల సంది ఎక్కిచ్చిన జిడ్డంత పోగొట్టినవ్ గదరా! ఇంక నాలుగైదు దోశలు కుక్కకే!" కొత్తగా చేరిన కానిస్టేబుల్ తల దించుకున్నాడు. మూడోది సగం వచ్చింది. అయిదోదో ఆరోదో జారినట్టు వచ్చింది.

నేను దోశ చూడటం మానేసి ఎదుటి బల్ల వైపు చూశాను. యాకూబ్ పళ్లెం తుడుచుకుంటున్నాడు. తినకముందే.

సీసపు గుండు గొట్టంలోంచి పోతూ తన మైనాన్ని గోడలకు పల్చగా పూసి పోతుంది. తర్వాతి గుండు ఆ పూత మీద జారుతుంది. పూత ఒకే తీరుగా పరుచుకున్నాక గుండ్లన్నీ ఒకే దారిలో పోతాయి. మనం దాన్ని రోజూ పూటపూటా తోమేసి, పొదుపు పేరుతో అయిదే దెబ్బలు కొట్టి, పెనం పదునెక్కే లోపే మళ్లీ తోమడానికి పంపిస్తున్నాం. జమీందారు గొట్టం నున్నటిది, రెండు దెబ్బల్లో సర్దుకుంటుంది. మేస్త్రి పాతది, గరుకు. దానికి పది దెబ్బలన్నా కావాలి. మేం పరీక్షించింది పిస్టళ్లను కాదు, యాకూబ్ చేతిపనిని.

కోత్‌కు పోయి మేస్త్రి గొట్టం తోమవద్దని చెప్పాను. యాకూబ్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎలుగుబంటి నూనె తాగింది, నమ్మిన. ఇది నమ్మ సత్తెన్నా."

"ఇది నిజం భాయ్. దోశ పెనం లెక్క."

"నా కోత్‌ల దోశలేస్తున్నమా? ఆర్మరర్‌వై తోమొద్దంటవ్. రేపు ఆర్‌ఐ సారు తనిఖీల గొట్టంల మురికి జూస్తె నువ్వు ఇంకో కథ జెప్తవ్. మెమో నాకొస్తది."

ఆర్‌ఐ దగ్గరికి పోయాను. ఆయన టేబుల్ మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వాడు. "బాగుందయ్యా సత్యం, ఇది మీ ఎలుగుబంటి కంటె బాగుంది," అని పక్క గదిలో ఉన్న క్లర్కును పిలిచి మళ్లీ చెప్పించాడు. నా జీవితంలో అంత నిజం అంత విసుగ్గా రెండుసార్లు చెప్పింది అప్పుడే. క్లర్కు కూడా నవ్వాడు. జమీందారు బదిలీకి ఫైలు పెట్టమని చెప్పి ఆర్‌ఐ కళ్లజోడు పెట్టుకున్నాడు.

బయట సమ్మక్క నిలబడి ఉంది. జరిగింది చెప్పాను.

"నీ మాట నమ్మకపోతె కాగితం మాట నమ్మరా సార్? సారు ముంగట కొట్టి చూపిద్దాం."

"తూటాలు ఎక్కడివి బిడ్డా? పదును ఎక్కించడానికే పదిపన్నెండు మట్టిలోకి కొట్టాలి. అవి నీ సాధన తూటాల్లోంచే పోవాలి. అయితే పాస్, లేకపోతే పోటీదాకా నువ్వు ఉత్త చేతులతో గోడకు గురిపెట్టాలి."

"గోడకు చానా రోజులే పెట్టిన. పోనీ."

ఆర్‌ఐని రేంజ్‌కు రప్పించడం కష్టం కాలేదు. కోతల సత్తెన్న ఓడిపోతాడంటే చూడటానికి దళంలో సగం వచ్చింది. వాన ఆగి గుట్ట మీద మబ్బు అలాగే కూర్చుని ఉంది. సమ్మక్క మేస్త్రిని తీసుకుని, గురి లేకుండా, మట్టికట్టలోకి ఒకటి తర్వాత ఒకటి కొట్టింది. వెనక ఎవరో, "గుట్టను కొడితె జట్టుల తీసుకుంటరా?" అన్నారు. ఆమె తిరగలేదు. నేను కొత్త కాగితం పెట్టాను. ఇసుకబస్తా మీద చెయ్యి ఆనించి అయిదు కొట్టింది. కాగితం తెచ్చి ఆర్‌ఐ చేతిలో పెట్టాను. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి రంధ్రాల మీద పెట్టాడు. అన్నీ దాని కిందికి పోయాయి. బిళ్ల తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఇంకోసారి కొట్టమను."

ఇంకోసారి కొట్టింది. అదే. తర్వాత జమీందారును తెప్పించాడు. అది కూడా చక్కగానే మొదలుపెట్టింది. కానీ గాలిలో చెమ్మ, దాని గూడు మరీ బిగుతు. నాలుగో తూటా సగం దూరి ఆగిపోయింది. దాని మ్యాగజైన్ పెదవి ఒకటి వంగి ఉందని, దానికి విడిభాగం ఈ దేశంలో దొరకడం కష్టమని నేను మొదటిరోజే చెప్పి ఉన్నాను. అది కూడా కథే అనుకున్నారు. ఆర్‌ఐ జీపు ఎక్కుతూ, "పాతది తీస్కో," అన్నాడు.

యాకూబ్ మాత్రం ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. సాయంత్రం తనే వచ్చి, బయటి ఒళ్లు, గూడు, కొక్కెం తను తుడుస్తానని, గొట్టం ముట్టనని ఒప్పుకున్నాడు. తను సెలవులో ఉంటే వచ్చే మనిషికి తెలియడానికి పిడికి ఎర్రదారం ఒకటి కట్టాడు. కడుతూ గొట్టంలోకి ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. ఉపవాసం ఉన్నవాడు బిర్యానీ వాసన చూసినట్టుంది ఆ మొహం.

ఎంపిక పోటీ చలికాలంలో, వేరే పట్నంలో, వేరే దళం రేంజ్‌లో. ఆర్మరర్‌గా నేను వెంట వెళ్లాను, ఆర్‌ఐ కూడా వచ్చాడు. నియమం ప్రకారం ముందురోజే ఆయుధాలు అక్కడి కోత్‌లో అప్పగించాం. మర్నాడు పొద్దున మేస్త్రిని తీసుకోబోతే అక్కడి కాపలా జవాను ఎంతో మర్యాదగా నిలబడ్డాడు.

"సార్, మీ పిస్టల్ గొట్టం చానా మురికిగుండె. పోటీ పొద్దున గట్లెట్ల ఇస్తమని తోమి పెట్టిన. దారం గూడ తీసిన సార్, పోయిందనుకునేరు, ఇగో."

కాగితంలో మడిచిపెట్టిన ఎర్రదారం నా చేతిలో పెట్టాడు. గొట్టం చూశాను. యాకూబ్ చూస్తే కన్నీళ్లు పెట్టుకునేంత అద్దం. తోమవద్దని అప్పగించేటప్పుడు చెప్పడం నాకే తట్టలేదు, ఆ జవానును ఏమనగలను? అతను తన పని చేశాడు. అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ని. "సంతోషం తమ్ముడూ," అన్నాను.

సమ్మక్కకు చెప్పాను. లెక్కలోకి రాని సాధన దెబ్బలు పోటీ ముందు అయిదే ఇస్తారు. మేస్త్రికి పదన్నా కావాలి. అంటే లెక్కలోకి వచ్చే మొదటి అయిదు చెదురుతాయి, తప్పదు. ఆమె పిస్టల్ చేతిలోకి తీసుకుంది.

"ఎటు పోతయో ఎరికే గద సార్. పైకి, కుడికి. తర్వాత దారికొస్తయ్."

"దారికి వస్తాయి. అందాక గురిని జరిపే స్క్రూ ముట్టకు. ఇప్పుడు తిప్పితే అది కుదురుకున్నాక నువ్వు తప్పుతావ్."

"ముట్ట."

మొదటి అయిదు నేను చెప్పినట్టే పోయాయి. దుర్భిణీలో చూసి ఒక్కో రంధ్రం లెక్కపెట్టుకున్నాను. పక్క వరుసల్లో అందరూ ఒక్కో దెబ్బకు స్క్రూలు తిప్పుకుంటున్నారు. సమ్మక్క తిప్పలేదు. ఆర్‌ఐ నా మోచెయ్యి గిల్లాడు. స్క్రూ తిప్పమని అరుస్తానన్నాడు. నోరు కూడా తెరిచాడు. కాల్చేవాళ్లతో బయటివాళ్లు మాట్లాడకూడదన్న నియమం ఉన్నమాట నిజమే, కానీ నిజం చెబితే ఆయన ఆగడని నాకు అనుభవం. అందుకని చెవిలో చెప్పాను: ఒకచోట ఇలాగే ఒక ఇన్‌స్పెక్టర్ గారు దగ్గితే, అది సైగ అనుకుని జడ్జీలు ఆ జిల్లా మొత్తాన్ని వెలివేశారని, పాపం ఆ సారు ఇప్పటికీ దగ్గు వస్తే రుమాలు నోట్లో కుక్కుకుంటాడని. ఆర్‌ఐ నోరు మూసుకున్నాడు. పోటీ అయ్యేదాకా రుమాలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క అనుమానం కూడా అడగలేదు.

రెండో గ్రూప్ దగ్గరపడింది. మూడోది నుంచి మేస్త్రి గోడ కట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మూడు సెకన్ల సగంలో బోర్డు తిరిగిన ప్రతిసారీ ఆమె చెయ్యి లేచింది, పిస్టల్ పేలింది, చెయ్యి దిగింది. ఒక్కసారి కూడా మొరాయించలేదు. పక్క వరుసలో ఒకామె ఖరీదైన పిస్టల్ రెండుసార్లు ఆగింది. ఆమె చెయ్యి ఎత్తి జడ్జి కోసం చూస్తుంటే సమ్మక్క అటు చూడలేదు. నేను చూశాను. ముందటేడు ఇదే వరుసలో ఈమె అలాగే నిలబడి ఉంటుంది.

జట్టులో చివరి స్థానం ఆమెకు దక్కింది. పొద్దున చెదిరిన ఆ అయిదు దెబ్బలు లేకపోతే ఇంకా పైన ఉండేది. ఆర్‌ఐ రుమాలు మడుచుకుని, "చెయ్యి మంచిగనే ఉన్నది," అన్నాడు. ఆమె, "ముందటేడు గూడ మంచిగనే ఉండె సార్," అంది. తర్వాత నా వైపు తిరిగి దారం అడిగింది. కాగితం విప్పి ఇచ్చాను. అక్కడే బల్ల మీద కూర్చుని పిడికి గట్టిగా కట్టుకుంది.

తిరిగి వచ్చాక పత్రికకు ఫొటో తీశారు. క్లబ్‌కు తిరిగి పంపాల్సిన కాగితాలు ఇంకా కదలక జమీందారు మా దగ్గరే ఉంది. ఫొటోలో సమ్మక్క చేతిలో పెట్టింది దాన్నే, అక్రోటు పిడి కనపడేటట్టు. మేస్త్రి కోత్‌లో ఉంది. ఆ ఫొటో చూసి ఇద్దరు ముగ్గురు ఆ పిస్టల్ ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోన్ చేశారు.

తక్కువ ధరలో పిస్టల్ ఎన్నుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మొరాయించనిది ముందు చూడండి, మెరిసేది తర్వాత. పరీక్షకు తూటాలు పిసినారితనం లేకుండా వాడండి. అక్కడ మిగిలించుకున్నది పోటీలో పోతుంది. ఏ పిస్టల్‌కైనా ఒక జబ్బు ఉంటుంది. ఆ జబ్బు ఏమిటో, ఎన్నో దెబ్బకు కుదురుకుంటుందో కాల్చేవాడికి ముందే తెలిసి ఉంటే అది నమ్మదగిన పిస్టల్. తెలియకపోతే ఎంత ఖరీదుదైనా కాదు. ఇది నిజం. కావాలంటే కాగితం మీద కొట్టి చూసుకోండి, నా మాట నమ్మవద్దు.